కాలు విరిగినా కూలని కోటగోడ

కెనడాలో పిల్లలను చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులకు టిమ్ హోర్టన్స్ అన్న మాట కొత్త కాదు. పొద్దున్నే తరగతికి వెళుతూ కాఫీ తాగింది అక్కడేనని, సాయంత్రం పార్ట్‌టైమ్ పని దొరికింది అక్కడేనని పిల్లలు ఫోన్‌లో చెబుతూనే ఉంటారు. చాలామందికి అది కాఫీ, డోనట్లు అమ్మే దుకాణాల పేరుగానే పరిచయం. ఆ పేరు ఒక మనిషిదని, ఆయన మంచు మీద హాకీ ఆడిన మహా బలశాలి అని తెలిసినవారు తక్కువ. పాతికేళ్ల వయసులో కాలు, దవడ ఒకేసారి విరిగి ఆయన ఆటకు దూరమైతే, టొరంటో నగరంలోని హాకీ అభిమానులు నెలల తరబడి ఆయన రాక కోసం ఎదురుచూశారు. వారి ఆశ ఫలించడానికి ఏళ్లు పట్టింది. గాయం నుంచి తిరిగి వచ్చాక ఆయన మరో పద్దెనిమిదేళ్లు ఆడారు. 1974లో మళ్లీ దవడకు గాయమైంది. ఈసారి విశ్రాంతి తీసుకోలేదు. టిమ్ హోర్టన్ జీవితమంతా ఈ రెండు గాయాల మధ్య సాగిన కథ.

మంచు మీద యుద్ధం

హాకీ అనగానే మనకు పచ్చిక మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తుకొస్తారు. కెనడాలో హాకీ అంటే మంచు మీద ఆడేది. సుమారు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల మంచు గచ్చు మీద, కాళ్లకు ఉక్కు బ్లేడ్ల బూట్లు కట్టుకుని ఒక్కో జట్టు నుంచి గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు తలపడతారు. బంతికి బదులు మూడు అంగుళాల వ్యాసం, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. దాన్ని పక్ అంటారు. పక్ ఎవరి వద్ద ఉంటే వారిని భుజంతోనో, తుంటితోనో ఢీకొట్టి అడ్డుకోవడం ఈ ఆటలో తప్పు కాదు. నియమాల లోపల అది ఒక విద్య.

ఆ విద్యలో ఆరితేరాల్సింది ఇద్దరు డిఫెండర్లు. ఎదురుగా దూసుకొచ్చే ఆటగాడిని చూస్తూ వెనక్కి జారుతూ పోవాలి. అదను చూసి శరీరాన్ని అడ్డం పెట్టాలి. మూలల్లో చెక్క గోడకు అదిమి పక్ లాక్కోవాలి. ఈ పనులన్నింటికీ తొడల బలం, కాళ్ల నిలకడే మూలధనం. అందుకే డిఫెండర్ కాలు విరిగిందంటే అభిమాని గుండెలో రాయి పడుతుంది. మనిషి తిరిగి రావచ్చు. ఢీకొట్టే ధైర్యం తిరిగి వస్తుందా అన్నది ఎవరూ చెప్పలేరు.

ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రవాడు

టిమ్ హోర్టన్ 1930 జనవరి 12న ఒంటారియో రాష్ట్రపు ఉత్తరాన ఉన్న కోక్రేన్ అనే చిన్న రైల్వే పట్టణంలో జన్మించారు. కాగితాల మీద ఆయన పేరు మైల్స్ గిల్బర్ట్ హోర్టన్. తల్లి మాత్రం టిమ్ అని పిలుచుకున్నారు. ఆ పిలుపే లోకానికి మిగిలింది. ఆయనకు ఆరేళ్ల వయసులో కుటుంబం క్యుబెక్‌లోని బంగారు గనుల ఊరు డుపార్కేకు తరలింది. రెండేళ్లకు తిరిగి కోక్రేన్‌కు, 1945లో నికెల్ గనులకు పేరొందిన సడ్‌బరీకి చేరింది. ఆరు నెలలు గడ్డకట్టుకుపోయే ఆ ప్రాంతంలో పిల్లలకు హాకీ తప్ప మరో లోకం ఉండదు. గనుల ఊళ్లలో పెరిగిన ఈ కుర్రవాడు కాపర్ క్లిఫ్ జట్టులో తన ఒడ్డూ పొడవుతో పెద్దల కంట పడ్డాడు.

1947లో టొరంటోలోని సెయింట్ మైకేల్స్ కళాశాల జట్టులో చేరారు. ఆ కళాశాల ఆనాడు టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టుకు ఆటగాళ్లను తయారుచేసే నర్సరీ వంటిది. 1949 నుంచి మూడు సీజన్ల పాటు లీఫ్స్ అనుబంధ జట్టు పిట్స్‌బర్గ్ హార్నెట్స్‌లో ఆడారు. 1952లో ఆ జట్టు కాల్డర్ కప్ గెలిచింది. మంచు మీద నాట్యం చేసే ప్రదర్శన బృందంలోని లోరీ మిషలెక్‌తో ఆయన వివాహం జరిగిందీ ఆ ఏడాదే. వారికి నలుగురు కుమార్తెలు.

ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 180 పౌండ్లు. హాకీ ఆటగాళ్లలో అది మరీ పెద్ద శరీరం కాదు. బలం మాత్రం అసాధారణం. చూపు బాగా తక్కువ కావడంతో ఆట లేనప్పుడు కళ్లద్దాలు పెట్టుకునేవారు. కళ్లద్దాల వెనుక దాగిన సూపర్‌మాన్ అంటూ తోటి ఆటగాళ్లు ఆటపట్టించేవారు.

బరిల్కో వదిలిన ఖాళీ

హోర్టన్ 1952లో లీఫ్స్ జట్టులో స్థిరపడే నాటికి టొరంటో అభిమానులు ఒక దుఃఖంలో ఉన్నారు. 1951 ఏప్రిల్ 21న మాంట్రియల్‌పై అదనపు సమయంలో గోల్ కొట్టి స్టాన్లీ కప్ గెలిపించిన బిల్ బరిల్కో సైతం డిఫెండరే. ఢీకొట్టడంలో దిట్ట. ఆ గోల్ కొట్టిన నాలుగు నెలలకే, చేపల వేటకు వెళ్లి చిన్న విమానంలో తిరిగి వస్తూ అడవిలో గల్లంతయ్యాడు. ఎంత వెతికినా ఆచూకీ దొరకలేదు. ఆ లోటు పూడ్చే బలమైన డిఫెండర్ కోసం అభిమానులు చూస్తున్న కాలమది.

అప్పట్లో నేషనల్ హాకీ లీగ్‌లో ఉన్నవి ఆరు జట్లే. టొరంటో, మాంట్రియల్, బోస్టన్, న్యూయార్క్, షికాగో, డెట్రాయిట్. 1942 నుంచి 1967 వరకు ఈ ఆరింటిదే రాజ్యం. ఒక చోటు ఖాళీ అయితే ఎక్కేందుకు కింది జట్లలో పదుల సంఖ్యలో కుర్రవాళ్లు కాచుకుని ఉండేవారు. అటువంటి పోటీలో హోర్టన్ నిలదొక్కుకున్నారు. 1953-54 సీజన్‌లో, ఇరవై నాలుగేళ్లకే, లీగ్ రెండో ఆల్‌స్టార్ జట్టుకు ఎంపికయ్యారు. 7వ నంబరు చొక్కాతో తన గోల్ దగ్గర పక్ అందుకుని మంచు మొత్తం దాటుకుంటూ ఆయన దూసుకువెళుతుంటే మేపుల్ లీఫ్ గార్డెన్స్ స్టేడియం లేచి నిలబడేది.

1955 మార్చి 12

ఆ రాత్రి అదే స్టేడియంలో న్యూయార్క్ రేంజర్స్‌తో పోటీ. సీజన్ ముగింపుకు వచ్చింది. పక్‌తో ముందుకు వెళుతున్న హోర్టన్‌ను ప్రత్యర్థి డిఫెండర్ బిల్ గాడ్స్‌బీ ఢీకొట్టారు. గాడ్స్‌బీ సైతం సామాన్యుడు కాదు, తదనంతర కాలంలో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కించుకున్న మేటి. అది దొంగదెబ్బ కాదు. నియమాలకు లోబడిన దెబ్బే. కానీ దాని ఫలితం దారుణం. హోర్టన్ కాలు విరిగింది. దవడ విరిగింది.

రాయిలా నిలబడతాడని పేరున్న మనిషి మంచు మీద నుంచి ఇతరుల సాయంతో బయటకు వెళ్లాల్సివచ్చింది. లీఫ్స్ శిక్షకుడు కింగ్ క్లాన్సీ ఒకప్పుడు అదే 7వ నంబరుతో, అదే డిఫెండర్ స్థానంలో ఆడినవారు. జట్టు కోల్పోయింది ఏమిటో ఆయనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

నెలల నిరీక్షణ

నాటి టొరంటోలో శనివారం రాత్రి హాకీ ఒక పండుగ. స్టేడియంలో చోటు దొరకనివారు రేడియో చుట్టూ మూగేవారు. 1952 నుంచి టెలివిజన్ ప్రసారాలూ మొదలయ్యాయి. హోర్టన్ లేని జట్టును చూస్తున్నవారికి రెండు ప్రశ్నలు. మొదటిది, ఎప్పుడు వస్తాడు. రెండోది, వచ్చేవాడు పాత హోర్టనేనా. మొదటి ప్రశ్నకు జవాబు వైద్యుల చేతుల్లో ఉంది. రెండో ప్రశ్నకు జవాబు మంచు మీద తప్ప మరెక్కడా దొరకదు.

1955-56 సీజన్‌లో 70 మ్యాచ్‌లకు సరిగ్గా సగం, 35 మాత్రమే ఆయన ఆడగలిగారు. ఒక్క గోల్ కూడా లేదు. ఇతరుల గోల్స్‌కు సాయపడింది ఐదుసార్లు. అంకెలు చూసినవారికి నిరుత్సాహం కలగక మానదు. అడుగు ముందుకు వేసినా పరుగులో పాత విసురు రావడానికి సమయం పట్టింది. ఆ మీదట 66 మ్యాచ్‌లు, తర్వాత 53. జట్టు సంగతీ అంతంతమాత్రమే. 1957-58లో లీఫ్స్ ఆరు జట్లలో ఆరో స్థానంలో నిలిచింది. ఢీకొట్టే డిఫెండర్ ఒక్కడు తిరిగి వస్తే జట్టు గట్టెక్కుతుందన్న ఆశ ఎంత అమాయకమైందో అభిమానులకు ఆ మూడేళ్లలో తెలిసొచ్చింది. గాయం మానడం వేరు, ఆట కుదురుకోవడం వేరు. రెండోదానికి మంచి జత కావాలి, నమ్మే పెద్ద కావాలి.

ఇద్దరూ 1958లో దొరికారు. బోస్టన్ నుంచి వచ్చిన అలన్ స్టాన్లీ నెమ్మదైన ఆటగాడు. తన చోటు వదలడు, తొందరపడడు. ఆయన వెనుక ఉంటే హోర్టన్ నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. ఆ నవంబరులో జట్టు పగ్గాలు చేపట్టిన పంచ్ ఇమ్లాక్ అనుభవానికి పెద్దపీట వేసే మనిషి. అట్టడుగున ఉన్న లీఫ్స్ ఆ సీజన్ చివరి రోజున ప్లేఆఫ్స్‌లో చోటు సంపాదించి, ఏకంగా ఫైనల్‌కు చేరింది. 1959లో, 1960లో ఫైనల్స్‌లో మాంట్రియల్ చేతిలో ఓడినా అభిమానులకు దారి కనిపించింది.

ఏడేళ్లు... ఒక్క మ్యాచ్ తప్పలేదు

అభిమానుల రెండో ప్రశ్నకు అసలు జవాబు 1961 ఫిబ్రవరి 11న మొదలైంది. ఆ రోజు నుంచి 1968 ఫిబ్రవరి 4 వరకు లీగ్ దశలో లీఫ్స్ ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ హోర్టన్ ఉన్నారు. వరుసగా 486 మ్యాచ్‌లు. కాలు విరిగి సగం సీజన్ పోగొట్టుకున్న మనిషి, రోజూ దెబ్బలు తింటూ కొడుతూ ఉండే స్థానంలో, ముప్పయ్యొకటో ఏట నుంచి ముప్పయ్యెనిమిదో ఏట వరకు ఒక్క మ్యాచ్ కూడా తప్పలేదు. డిఫెండర్లలో ఈ రికార్డు దాదాపు నాలుగు దశాబ్దాలు చెక్కుచెదరలేదు. 2007 ఫిబ్రవరిలో లాట్వియాకు చెందిన కార్లిస్ స్క్రాస్టిన్స్ దాన్ని దాటారు.

ఆయన బలాన్ని ఎలా వాడారన్నది అభిమానులు ప్రేమగా చెప్పుకొనే విషయం. మంచు మీద కొట్లాట మొదలైతే ఆయన పిడికిలి బిగించేది అరుదు. ఎదుటివాడిని రెండు చేతులా వాటేసుకుని బిగించేవారు. ఎలుగుబంటి పట్టు వంటి ఆ కౌగిలిలో పడినవాడు ఊపిరాడక చల్లబడేవాడు. డెట్రాయిట్ దిగ్గజం గోర్డీ హౌ సైతం హాకీలో అందరికంటే బలవంతుడు హోర్టనేనని భావించారు. దెబ్బ తగిలితే ఎలా ఉంటుందో ఎముకలతో సహా తెలిసిన మనిషి ఎదుటివాడిని కొట్టకుండా ఆపడాన్ని ఎంచుకోవడం విశేషం.

1962లో లీఫ్స్ షికాగోపై గెలిచి పదకొండేళ్ల తర్వాత స్టాన్లీ కప్ అందుకుంది. ఆ ప్లేఆఫ్స్‌లో 12 మ్యాచ్‌లలో హోర్టన్ 3 గోల్స్ చేసి, 13 గోల్స్‌కు సాయపడ్డారు. లీఫ్స్ డిఫెండర్లలో అది రికార్డు. 1994 దాకా దాన్ని ఎవరూ దాటలేదు. కప్ గెలిచిన కొద్ది వారాలకే, ఆ జూన్‌లో, కోక్రేన్‌కు ఉత్తరాన అడవిలో బరిల్కో విమాన శకలాలు బయటపడ్డాయి. హోర్టన్ పుట్టిన ఊరి అవతలి అడవే పదకొండేళ్లుగా ఆ రహస్యాన్ని దాచిపెట్టింది. బరిల్కో పోయాక తిరిగి కప్ వచ్చిన ఏడాదే ఆయన ఆచూకీ దొరకడం టొరంటోలో నేటికీ చెప్పుకొనే కథ.

1963, 1964లోనూ కప్ లీఫ్స్‌దే. 1964 ఫైనల్ ఆరో మ్యాచ్‌లో మరో డిఫెండర్ బాబ్ బాన్ కాలికి పక్ తగిలి స్ట్రెచర్‌పై బయటకు వెళ్లారు. నొప్పి తెలియకుండా మందు వేయించుకుని తిరిగొచ్చి అదనపు సమయంలో గెలుపు గోల్ కొట్టారు. రెండు రోజుల తర్వాత చివరి మ్యాచ్ కూడా ఆడి, కప్ గెలిచాకే ఎముక విరిగిందని తేల్చుకున్నారు. జనం నీరాజనం పట్టారు. నొప్పిని మింగి ఆడేవాడే వీరుడన్న మాట ఆనాటి హాకీలో వేదవాక్కు. ఆ మాటకు మరో ముఖం ఉందని పదేళ్ల తర్వాత తెలిసింది.

1967 ఫైనల్ నాటికి హోర్టన్ వయసు 37, స్టాన్లీ వయసు 41, గోల్‌కీపర్ జానీ బోవర్ వయసు 42. ముసలి జట్టని నవ్వినవారు చాలామంది. మే 2న ఆరో మ్యాచ్‌లో మాంట్రియల్‌పై 2-1 ఆధిక్యం ఉండగా నిమిషం లోపే మిగిలింది. ఆ క్షణంలో ఇమ్లాక్ కుర్రవాళ్లను కాక స్టాన్లీ, హోర్టన్, రెడ్ కెల్లీ, జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్, బాబ్ పుల్‌ఫర్డ్‌లను మంచు మీదకు పంపారు. పక్ దక్కించుకున్న పెద్దలు ఖాళీ గోల్‌లోకి మూడోది కొట్టి కప్ తెచ్చారు. ఆ తర్వాత అర్ధ శతాబ్దం గడిచినా టొరంటో మరో కప్ చూడలేదు.

కాలు పోతే కడుపు నిండేదెలా?

ఆరు జట్ల కాలంలో ఆటగాళ్ల జీతాలు నేటి కోట్ల లెక్క కాదు. వేసవిలో ఏదో ఒక పని చేసుకోవాల్సిందే. హోర్టన్ సైతం లీఫ్స్ అధినేత కాన్ స్మైత్ కంకర, ఇసుక వ్యాపారంలో పనిచేశారు. కార్లు అమ్మారు, హాంబర్గర్ హోటళ్లు నడిపి నష్టపోయారు. ఒక్క దెబ్బతో జీవనాధారం ఎలా తలకిందులవుతుందో 1955లోనే ఆయనకు అనుభవమైంది. భార్య, నలుగురు ఆడపిల్లల సంసారం కళ్లముందుంది.

1964లో ఒంటారియోలోని ఉక్కు నగరం హామిల్టన్‌లో, ఒట్టావా వీధిలో తన పేరుతో డోనట్ల దుకాణం తెరిచారు. ఫ్యాక్టరీ షిఫ్టుల మధ్య వచ్చిపోయే కార్మికులు అక్కడి ఖాతాదారులు. హామిల్టన్ పోలీసు శాఖలో పనిచేసిన రాన్ జాయిస్ ఆ దుకాణం నిర్వహణ చేపట్టి, 1967 నాటికి పూర్తి స్థాయి భాగస్వామి అయ్యారు. హోర్టన్ పేరు, జాయిస్ కష్టం కలిసి వ్యాపారం వేళ్లూనుకుంది.

చివరి రాత్రి

1970 మార్చిలో లీఫ్స్ ఆయనను న్యూయార్క్ రేంజర్స్‌కు ఇచ్చేసింది. తర్వాత పిట్స్‌బర్గ్‌లో ఒక సీజన్. చీలమండ విరగడంతో అక్కడ 44 మ్యాచ్‌లే ఆడారు. వయసు నలభై రెండు. ఇక చాలనుకున్న తరుణంలో పాత గురువు ఇమ్లాక్ బఫెలో సేబర్స్ జట్టుకు పిలిచారు. 1970లో పుట్టిన ఆ జట్టులో అంతా కుర్రవాళ్లే. జిమ్ షోన్‌ఫెల్డ్ వంటి యువ డిఫెండర్లకు హోర్టన్ పెద్దన్నయ్యారు. 1972-73లో సేబర్స్ తొలిసారి ప్లేఆఫ్స్ చేరింది. మరో ఏడాది ఆడాలని ఇమ్లాక్ బతిమాలి, ఒప్పందంలో భాగంగా పాంటెరా అనే ఇటలీ స్పోర్ట్స్ కారు ఇప్పించారు.

1974 ఫిబ్రవరిలో సాధన చేస్తుండగా పక్ వచ్చి హోర్టన్ దవడకు తగిలింది. పందొమ్మిదేళ్ల కిందట విరిగిన దవడే. ముఖం వాచింది, నొప్పి విపరీతం. ఫిబ్రవరి 20 రాత్రి మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో పాత జట్టుతోనే మ్యాచ్. కాలు విరిగిందీ అక్కడే, కప్పులు ఎత్తిందీ అక్కడే. ఆ గాయంతోనే ఆయన బరిలోకి దిగారు. మూడో భాగంలో కొనసాగలేక కూర్చుండిపోయినా, ఆ రాత్రి మెరుగ్గా ఆడిన ముగ్గురిలో ఒకరిగా గుర్తింపు పొందారు. సేబర్స్ 4-2తో ఓడింది.

జట్టుతో బస్సులో వెళ్లకుండా హోర్టన్ తన కారులో బయలుదేరారు. దారిలో ఓక్‌విల్‌లోని తమ డోనట్ల సంస్థ కార్యాలయంలో ఆగి భాగస్వామి జాయిస్‌ను కలిశారు. 21వ తేదీ తెల్లవారుజామున సెయింట్ కాథరిన్స్ వద్ద క్వీన్ ఎలిజబెత్ వే రహదారిపై, అతివేగంతో వెళుతున్న కారు అదుపు తప్పి పల్టీలు కొట్టింది. సీటు బెల్టు పెట్టుకోని ఆయన బయటకు విసిరివేయబడి మరణించారు. వయసు 44. శవపరీక్ష వివరాలు 2005లో వెలుగు చూశాయి. చట్టం అనుమతించే మోతాదుకు రెట్టింపు మద్యం, దానితో పాటు మందుల ఆనవాళ్లు ఆయన రక్తంలో ఉన్నట్లు అందులో ఉంది. దాచాల్సిన విషయం కాదది. 1955లో విరిగిన శరీరానికి నెలల విశ్రాంతి దొరికింది, మనిషి మరో పద్దెనిమిదేళ్లు ఆడాడు. 1974లో నొప్పితోనే ఆడాడు, నొప్పితోనే తాగి కారెక్కాడు. తెల్లవారేసరికి నలుగురు కుమార్తెలు తండ్రిని కోల్పోయారు.

మిగిలిన పేరు

మొత్తం 1,446 లీగ్ మ్యాచ్‌లు, 115 గోల్స్, 403 గోల్స్‌కు సాయం, నాలుగు స్టాన్లీ కప్‌లు, ఆరుసార్లు ఆల్‌స్టార్ గౌరవం. 1977లో హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను చేర్చుకుంది. బఫెలోలో ఆయన ధరించిన 2వ నంబరును 1996లో సేబర్స్ జట్టు మరెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. టొరంటోలో 7వ నంబరును 1995లో సత్కరించి, 2016లో శాశ్వతంగా విరమింపజేశారు. ఆయన కాలు విరిగిన నాటి శిక్షకుడు కింగ్ క్లాన్సీ, ఆయన ఒకే నంబరు కింద ఆ గౌరవం పంచుకున్నారు.

ఆయన మరణించిన మరుసటి ఏడాది లోరీ హోర్టన్ తమ వాటాను సుమారు పది లక్షల డాలర్లకు జాయిస్‌కు అమ్మేశారు. నాడు పదుల సంఖ్యలో ఉన్న దుకాణాలు నేడు కెనడాలోనే మూడు వేలు దాటాయి. 2022 ఆగస్టులో ఢిల్లీ పరిసరాల్లో తొలి దుకాణాలతో ఆ పేరు భారతదేశానికీ వచ్చింది. హామిల్టన్‌లోనో, ఆయన పెరిగిన సడ్‌బరీలోనో చదువుకునే తెలుగు విద్యార్థి చలికి వణుకుతూ కాఫీ కప్పు అందుకున్నప్పుడు దాని మీద కనిపించే పేరు ఆయనదే. సగం సీజన్ పోగొట్టుకుని, గోల్ లేని 35 మ్యాచ్‌లు ఆడి, ఆ తర్వాత వరుసగా 486 మ్యాచ్‌లు నిలబడిన డిఫెండర్ పేరది.